మా అత్త అంగిలి

జనవరి 19, ఆదివారం

ఈ పుస్తకానికి తాళం అక్కర్లేదు. ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. మా ఆయన ఢిల్లీశ్వరరావు ఇక్కడే కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో పుట్టి బెంగాలీ బడిలో చదివాడు. అమ్మాయి లక్ష్మీసౌజన్య తొమ్మిదో క్లాసు, తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం గుర్తుపట్టదు. అత్త దాలమ్మకి ఏ భాషా చదవడం రాదు. కాబట్టి హాయిగా రాసుకుంటాను. మా అత్తని చూస్తే ఈరోజు నాకు ఒళ్లు మండిపోతోంది.

పన్ను నొప్పి ఆవిడకి, జాగారం మాకు. కుడివైపు వెనక పన్ను పీకేస్తోందిట. డాక్టరు దగ్గరికి పోదామంటే వినదు. పన్ను నొప్పికి మందు చుట్టేనట. చిన్నప్పుడు నొప్పి వస్తే వాళ్లమ్మే మొదటి చుట్ట నోట్లో పెట్టిందిట, గంటలో తగ్గిపోయిందిట. మరి ఇప్పుడెందుకు తగ్గట్లేదు అని అడిగితే, ఇక్కడి గాలి మంచిది కాదు అంది. డెబ్భై ఏళ్లకి దగ్గరపడింది, ఇంకా గాలి మీదే తోసేస్తుంది.

చుట్టంటే మగవాళ్లు కాల్చినట్టు కాదు. అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోపల, ఉత్త కొస బయట. పెదాలు బిగించి, అలాగే మాట్లాడుతూ, అలాగే కూర తరుగుతూ కాలుస్తుంది. టెక్కలి వైపు మా ఊళ్లో ముసలమ్మలందరూ ఇంతే, నాకేం వింత కాదు. సముద్రపు గాలికి నిప్పు ఆరదని ఒకరు, నోరు వెచ్చగా ఉంటుందని ఒకరు చెప్తారు. చుట్టలు ఊరి నుంచి హౌరా వచ్చే బండిలో ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. నాకు కావాలన్న చింతపండు మాత్రం ఎప్పుడూ మర్చిపోతారు.

జనవరి 21, మంగళవారం

దవడ వాచింది. ఇక బతిమాలడం మానేసి రిక్షా ఎక్కించాను.

స్టేషన్ రోడ్డులో ఏసీ క్లినిక్. చెప్పులు బయట విడవాలి. డాక్టరు కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. రూట్ కెనాల్, దాని మీద క్యాప్, ముందు ఎక్స్‌రే. రేటు చెప్పగానే నా మంచి పళ్లు కూడా నొప్పెట్టాయి. ఇన్సూరెన్స్ ఉందా అని అడిగాడు. మా ఆయన గోదాంలో రోజు కూలికి బస్తాలు దించుతాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మాకేం ఇన్సూరెన్స్ బాబూ. ఇన్‌స్టాల్‌మెంట్‌లో కట్టొచ్చు అన్నాడు. పన్ను కూడా ఇన్‌స్టాల్‌మెంట్‌లోనే తగ్గుతుందా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

నొప్పికి మాత్రలు రాయించుకుని వచ్చేశాం. దారంతా అత్త గెలిచినదాన్లా కూర్చుంది. నాను సెప్పనేదేటి, ఆలకి డబ్బులు కావాల, నా పన్ను కాదు అంది.

జనవరి 23, గురువారం

మాత్రలకి వాపు తగ్గింది. చుట్టకే తగ్గిందని ఆవిడ వాదన.

జనవరి 26, ఆదివారం

పక్క గదుల్లో ఉండే మేరీరాణి జాకెట్టు కొలతకి వచ్చింది. ఆవిడ బెహాలాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. మా అత్త సంగతి విని నన్ను తిట్టింది. ఏటే అరుణా, సియాల్దా దగ్గర సర్కారు పళ్ల కాలేజీ ఉంటే ఈలకీ ఆలకీ ఎందుకు సమర్పించుకుంటావు, రెండు రూపాయల టికెట్టు, పన్ను పీకినా కట్టినా అక్కడే, మా ఆయనకి మూడు పీకించినాను అంది. పొద్దున్నే లోకల్ ఎక్కితే చాలట, బడ్జ్ బడ్జ్ బండి తిన్నగా సియాల్దాకే పోతుంది కదా. ఇన్నేళ్లుగా ఆ బండెక్కి జాకెట్ లైనింగులు తెచ్చుకుంటున్నాను, ఆ కాలేజీ మీదుగా ఎన్నిసార్లు నడిచానో. పళ్ల డాక్టర్లు చదువుకునే చోట పళ్లు చూస్తారని నాకు తట్టలేదు. బుద్ధిహీనురాలిని.

ఎంతో హాయిగా ఉంది ఇప్పుడు. ఈయనకి చెప్తే, అమ్మ వెళ్తానంటే చూద్దాం అన్నాడు. ఏ పనైనా నా నెత్తిన వేసే ముందు ఈయన అనే మాట అదే.

ఫిబ్రవరి 3, సోమవారం

వారం రోజులు బతిమాలి, అలిగి, అన్నం మానేస్తానని బెదిరించి అత్తని సియాల్దా తీసుకెళ్తే, సరస్వతీ పూజ సెలవు. గేటు దగ్గర పసుపు చీరల పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. అమ్మవారు కూడా నీకు వద్దంటంది అంది అత్త.

ఫిబ్రవరి 4, మంగళవారం, సాయంత్రం

వంట కూడా మొదలుపెట్టకుండా రాస్తున్నాను.

మళ్లీ తీసుకెళ్లాను. లైన్ పొడుగ్గానే ఉంది గానీ కదులుతూనే ఉంది. టికెట్ తీసుకుంటే ఒక గది, అక్కడ చూసి ఇంకో గది. పెద్ద హాల్లో వరసగా కుర్చీలు, మంగలి షాపులోలాగ వెనక్కి వాలేవి. ఒక్కో కుర్చీకీ ఒక్కో చదువుకునే డాక్టరు. మా అత్తకి ఒక అబ్బాయి వచ్చాడు. మాషిమా, హా కోరున్ అన్నాడు, పిన్నీ నోరు తెరవండి అని. ఈవిడ నోరు తెరవదు. మగాడి ముందు నోరు తెరవడమేమిటని కొంగు అడ్డం పెట్టుకుంది. నా మీద అరవడానికైతే ఆ నోరు ఎంత బాగా తెరుచుకుంటుందో. చివరికి నేను చెయ్యి పట్టుకుంటే తెరిచింది.

పన్ను సంగతి క్షణంలో తేల్చేశాడు. పుచ్చిపోయింది, పీకేయాలి, ముందు ఇన్‌ఫెక్షన్ తగ్గాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, దీనికేనా అన్ని రోజులు తిప్పలు పడ్డాం అనుకున్నాను. అప్పుడు లైటు పైకి తిప్పి అంగిలి చూశాడు. వెళ్లి ఒక మేడమ్‌ని తీసుకొచ్చాడు. సాంత్రా అని బ్యాడ్జి మీద ఉంది. ఆవిడ కూడా చూసింది, వేలితో తడిమింది.

అత్తని ప్రశ్నలు అడిగారు. బీడీ? నా, లేదంది. సిగరెట్? నా. ఖైనీ, గుట్కా, జర్దా పాన్? నా, నా, నా. మా కాలీర్ దిబ్బి, ఎప్పుడూ ముట్టలేదు అని బెంగాలీలో ఒట్టు కూడా వేసింది. ఒక్కటీ అబద్ధం కాదు. చుట్ట కాలుస్తావా అని ఎవరూ అడగలేదు. నిప్పు లోపల పెట్టుకుంటావా అని ఎవరడుగుతారు? నేను నోరు తెరవబోతే కొంగు కింద నా చెయ్యి గిల్లింది. మనలో ఆడవాళ్లు పొగ తాగుతారని పైవాళ్లకి చెప్పడం లేదు, అందులోనూ కోడలు అత్త గురించి మగవాడి ముందు చెప్పడం అసలు లేదు. నేనూ మింగేశాను.

బయటికొచ్చాక మేడమ్ నన్ను పక్కకి పిలిచింది. అంగిలంతా తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఒకచోట పుండులా ఉందిట. ఏ అలవాటూ లేని మనిషికి ఇలా ఉంటే నాకు నచ్చట్లేదు అంది. ముక్క తీసి బయాప్సీకి పంపాలి, వచ్చే మంగళవారం రమ్మంది. క్యాన్సరా అని అడిగాను. టెస్ట్ చెయ్యకుండా చెప్పను అంది.

అత్తకి వేరే టెస్ట్ అని మాత్రం చెప్పాను. బండిలో కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఎడమవైపు నములుతూ వచ్చింది.

ఫిబ్రవరి 5, బుధవారం

అత్తకి తెలుసు. నేను చెప్పకముందే తెలుసు.

మధ్యాహ్నం నేను మిషన్ దగ్గరుంటే వచ్చి కింద కూర్చుంది. ఆ డాక్టరమ్మ పైన సూసినాది కదా, పన్ను కాదు కదా అంది. అవునన్నాను. అప్పుడు చెప్పింది వాళ్ల జగ్గప్ప గురించి. అప్పంటే మా వైపు అక్క. జగ్గమ్మ ఆవిడ సొంత అక్క, ఊళ్లో చేపలమ్మేది, అడ్డపొగ అక్కచెల్లెళ్లిద్దరూ కలిసే మొదలుపెట్టారు. జగ్గమ్మకి అంగిలికి తూటు పడింది. గంజి తాగితే ముక్కులోంచి వచ్చేదిట. ఇంట్లో అమ్మవారు పూసిందన్నారు, చేతబడి అన్నారు, ఎవరూ హాస్పిటల్‌కి తీసుకెళ్లలేదు. అలగే సచ్చిపోనాది అంది. ఏడవలేదు. దారపుండలు రంగుల వారీగా సర్దుతూ చెప్పింది.

అంత తెలిసీ ఎందుకు ఒట్టేశావు, చుట్ట సంగతి చెప్పొచ్చు కదా అని అరిచాను. సెప్తే ఇదీ అదే అనీత్తారు అంది. చెప్పకపోతే అది కాకుండా పోతుందన్నట్టు. నాకు కోపం రావాలి. రాలేదు. భయం వేసింది. ఈవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుందామని చూశాను, కుదరలేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు బెంగాలీ నేర్పింది ఈవిడే, బజార్లో బేరమాడటంతో మొదలుపెట్టి.

ఫిబ్రవరి 6, గురువారం

వంటగది తలుపేసుకుని కాలుస్తోంది. వాసన నాకు రాదనుకుంటోంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈయనకి అంతా చెప్పాను. అన్నం కలుపుతూ ఆగిపోయాడు. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి వెళ్లి వాళ్లమ్మ పక్కన మంచం మీద పడుకున్నాడు, ఇంత మగాడు. ఏటిరా అంటే, ఏం లేదు, ఫ్యాన్ ఇక్కడ బాగా తిరుగుతోంది అన్నాడు.

డాక్టరుకి చుట్ట సంగతి చెప్తాను అని ఆయనతో అన్నాను. అమ్మ ఊరుకోదు అన్నాడు. ఊరుకోకపోతే పోనీ.

ఫిబ్రవరి 11, మంగళవారం, రాత్రి ఎనిమిది

చెప్పేశాను.

లోకల్లో సీటు దొరకలేదు. నిలబడి వెళ్తూ ఎలా చెప్పాలో బెంగాలీలో కూడబలుక్కున్నాను. బాగా రిహార్సల్ చేశాను గానీ మేడమ్ ఇంజెక్షన్ సిద్ధం చేస్తుంటే అంతా మర్చిపోయి ఒక్కసారిగా అనేశాను. మేడమ్, మా అత్త చుట్ట కాలుస్తుంది, నిప్పు లోపల పెట్టుకుని, చిన్నప్పట్నుంచి.

కుర్చీలోంచి అత్త నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

మేడమ్ సిరంజి ట్రేలో పెట్టేసింది. నిప్పు లోపలా? మీరు ఆంధ్రా వాళ్లా? ఆంధ్రాలో ఎక్కడ? శ్రీకాకుళం అన్నాను. అయ్యో దేవుడా అని చప్పట్లు కొట్టింది, నిజంగా కొట్టింది. హాలు అటు చివరికి కేకేసి పిల్లలందర్నీ పిలిచింది. తెల్లకోట్లు మా కుర్చీ చుట్టూ మూగాయి. ఇది వాళ్ల బుక్‌లో ఉందిట. పేజీలో ఒక్క ఫోటో ఉంటుంది, కింద మన సముద్రం ఒడ్డు ఊళ్ల సంగతి రాసి ఉంటుంది, పరీక్షలో ప్రశ్న కూడా వస్తుందిట. ఇన్నేళ్లలో మనిషిని చూడటం ఇదే మొదటిసారిట. మాషిమా, మీరు మా బుక్‌లో ఉన్నారు అంది.

మా అత్తకి తల కొట్టేసినట్టయిందో, ఏనుగెక్కినట్టయిందో తెలియలేదు. రెండూ మొహంలో కనిపించాయి. ఒక అమ్మాయి అడిగింది, నాలుక కాలదా అని. అత్త కొంగు సర్దుకుంది. ఇంకో అబ్బాయి, బూడిద ఏం చేస్తారు అని. అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి లేచి కూర్చుని ఆ అబ్బాయి జేబులోంచి పెన్ను లాక్కుంది. అడ్డంగా తిప్పి, కొస పెదాల మధ్య పెట్టి, నాలుక ఎక్కడుంచాలో, ఊపిరి ఎలా తీయాలో చూపించింది. పెన్ను నోట్లో ఉండగానే బెంగాలీలో వివరాలు చెప్పింది. మగవాళ్ల ముందు నోరు తెరవనన్న మనిషి! ఆ పెన్ను తుడిచి తిరిగిచ్చేస్తే ఆ అబ్బాయి రెండు చేతులతో తీసుకున్నాడు.

తర్వాత మేడమ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని మెల్లిగా చెప్పింది. ఏ కారణమూ లేదనుకున్నప్పుడు నాకు చాలా భయం వేసింది, ఇప్పుడు కారణం దొరికింది. వేడికి అంగిలి ఇలా అవుతుంది, మానేస్తే చాలామందికి మామూలుగా అయిపోతుంది. కానీ ఆ పుండు దగ్గర ముక్క తీయాల్సిందే, దాన్ని నమ్మలేం. ఈరోజు నుంచి చుట్ట బంద్.

బియ్యపు గింజంత ముక్క తీశారు.

ఫిబ్రవరి 12, బుధవారం

నాతో మాట్లాడట్లేదు. లక్ష్మీసౌజన్యతో కబురు పంపుతుంది, మీ అమ్మని ఉప్పు ఎక్కడెట్టినాదో అడుగు అని. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

నిన్న బండిలో ఒక్కటే మాట అంది. అందరి ముందల నా పరువు తీసీసినావే.

తీశాను. మళ్లీ కావాలంటే మళ్లీ తీస్తాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కుళాయి దగ్గర నీళ్ల కోసం వెళ్తే ఆడవాళ్లంతా నవ్వుతున్నారు. మీ అత్త పెద్ద డాక్టర్ల పుస్తకంలో పడిందటగా అని. పొద్దున్నే ఆవిడే వచ్చి చెప్పిందిట. మన ఊరి పేరు రాసినారట, పరీచ్చలో అడుగుతారట, నాను సూపించినాకే ఆలకి అర్థమైనాదట. నా పేరు ఎక్కడా రాలేదు. పరువు తీసినదాన్ని కదా.

నవ్వొచ్చింది. ఇంటికొచ్చి కాఫీ ఇస్తే తీసుకుంది. పంచదార తక్కువైనాది అంది. అంటే మాట్లాడినట్టే.

చుట్ట మాత్రం మానలేదు. పెరట్లో గోడవార నిలబడి కాలుస్తోంది. అడిగితే, రిపోర్ట్ రానీ, సచ్చీదాన్నయితే మానీసి ఏటి లాభం, బతికీదాన్నయితే అప్పుడు మానెత్తాను అంది. ఇంత తర్కం ఎక్కడ నేర్చుకుందో.

ఫిబ్రవరి 20, గురువారం

ఏ జాకెట్టూ సరిగ్గా కుట్టలేకపోతున్నాను. ఒకదానికి చేతులు తిరగేసి కుట్టాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

క్యాన్సర్ కాదు.

ఇంకోసారి రాసుకుంటాను. క్యాన్సర్ కాదు.

మేడమ్ రిపోర్ట్ చదువుతుంటే నేను ఆవిడ కనుబొమ్మలు చూస్తూ నిలబడ్డాను. పైకి వెళ్తే మంచిదా కిందికి వస్తే మంచిదా తెలియక చచ్చాను. తలెత్తి భాలో అంది. మంచిదే అంది. వేడికి పాడైన చర్మమే, చెడ్డ కణాలు లేవు, చుట్ట మానాలి, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, ఈలోపు వారానికోసారి ఇంట్లోనే టార్చ్ వేసి చూసుకోవాలి, ఏ మార్పున్నా పరిగెత్తుకు రావాలి. నా నెత్తిన పాలు పోసినట్టయింది. అక్కడే ఆ హాల్లో కింద కూర్చుండిపోయాను. ఎవరో కుర్చీ తెచ్చారు.

అత్త నన్ను చూసి, ఏటే, రోగం నాకా నీకా అంది.

ఇక ఆ పన్ను కూడా తీసేద్దాం అన్నారు. మొదటి రోజు వచ్చిన అబ్బాయే తీశాడు. ఈసారి హా కోరున్ అనకముందే తెరిచింది. ఎంత మొండి పన్నో, ఆ అబ్బాయికి చెమటలు పట్టాయి. పన్ను బయటికి వచ్చాక అత్త దూది కొరికిపట్టుకునే ఏదో గొణిగింది. పన్ను ఇమ్మంటోంది. కాయితంలో చుట్టించుకుని జాకెట్లో దోపుకుంది.

మొత్తం అన్నిసార్లూ కలిపి మాకైన ఖర్చులో ఎక్కువ భాగం లోకల్ టికెట్లూ వేరుశనక్కాయలూను. ఏసీ క్లినిక్ కుర్రాడి మీద కూడా నాకిప్పుడు కోపం లేదు. ప్రపంచంలో ఎవరి మీదా లేదు.

ఈయనకి ఫోన్ చేసి చెప్పాను. వినిపిస్తోందా అంటే, బస్తా మీద కూర్చున్నాను, ఒక నిమిషం ఆగు అన్నాడు.

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. పొద్దున్న లేచేసరికి అత్త చుట్టల కట్ట తీసుకుని బయల్దేరింది. గంగలో కలుపుతుందేమో అనుకున్నా. కాదు, అటు వీధిలో కోదండం మామకి ఇచ్చేసి వచ్చింది. ఆయన నిప్పు బయటే పెట్టుకుంటాడు, ఆడికేటీ కాదు అంది. అది కూడా మంచిది కాదని చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది.

బతికీదాన్నయినాను కదా, మానీసినాను అంది. చెప్పులు విడుస్తూ, మా జగ్గప్పకి ఎవులూ సెప్పనేదు, నాకు సెప్పినారు అంది. ఎవరు చెప్పారో అనలేదు. ఆవిడ అననక్కర్లేదు.

మార్చి 12, బుధవారం

నోరు సల్లగైపోతంది, నోట్లో ఎవులో సచ్చినట్టుంది అని ఒకటే గోల. వేడి టీ, మళ్లీ వేడి టీ. లవంగం, యాలక్కాయ, సొంపు, అన్నీ నమలడం అయింది. మా మీద విసుక్కోవడం రెట్టింపయింది. నిన్న ఢిల్లీశ్వరరావుని గిన్నె పెట్టి కొట్టబోయింది. వాడికి ఇంత వయసొచ్చి తల్లి చేతిలో దెబ్బలు తప్పించుకుంటూ ఇల్లంతా పరిగెత్తాడు, నవ్వుతూ. వాడు అన్నాను. ఫరవాలేదు, ఎవరూ చదవరు.

కానీ కాల్చలేదు. కోదండం మామ ఇంటివైపు నడిచి, సగం దారిలో తిరిగొచ్చిందిట. మేరీరాణి చూసి చెప్పింది.

ఏప్రిల్ 6, ఆదివారం

కిటికీ దగ్గర అత్త నోరు తెరిచింది. మొబైల్ టార్చ్ వేసి చూశాను. తెలుపు పోయింది. ముక్క తీసినచోటు తప్ప అంతా గులాబీ రంగు. చెప్పాను.

నోరు మూసింది గానీ లేవలేదు. మొబైల్ నా చేతిలోంచి తీసుకుని, ఇప్పుడు నీది తెరు అంది.

తెరిచాను. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. కళ్లజోడు పెట్టుకోలేదు.

నీకూ ఏటీ నేదు, ఎల్లి టీ ఎట్టు అంది.